హెబ్రోను సహవాసం: చాపల మీద ఆరాధన

హైదరాబాదులో ముషీరాబాద్ ప్రాంతపు గోల్కొండ చౌరస్తా దగ్గర ‘హెబ్రోను’ అనే క్రైస్తవ ఆరాధనా ప్రాంగణం ఉంది. ఆదివారం ఉదయం అక్కడికి వచ్చేవారు చెప్పులు బయట విడిచి లోపలికి వెళతారు. నేలపై పరచిన చాపల మీద పురుషులు ఒక వైపు, స్త్రీలు మరో వైపు కూర్చుంటారు. స్త్రీల తలలపై కొంగు ఉంటుంది. చాలామంది తెల్లని దుస్తుల్లో, నగలు లేకుండా వస్తారు. అంగీ తొడిగిన పాదిరీ కనిపించడు. చర్చి అనగానే మనకు మెదక్‌లో 1924లో ప్రతిష్ఠించిన మహా కట్టడం వంటిదేదో, దాని ఎత్తైన గోపురం, లోపలి బల్లల వరుసలు మనసులో మెదులుతాయి. ఆ రూపానికీ దీనికీ పోలికే లేదు. తెలియనివారు తలుపు దగ్గర నిలబడి లోపలికి చూస్తే, ఇది మన ఇజ్తెమా ఏమో అని ఒక్క క్షణం అనుకున్నా ఆశ్చర్యం లేదు.

ఈ పోలిక కారణంగానే ఈ నెల ఈ సహవాసాన్ని గురించి రాయాలని తలచాము. పొరుగువారి మతం గురించి మన ఇళ్ళలో సాధారణంగా రెండు మాటలు వినిపిస్తాయి. “వాళ్ళదీ మనదీ ఒకటేలే, పేర్లే వేరు” అనేది ఒకటి. “వాళ్ళది తప్పని తెలుసు కదా, ఇంకా తెలుసుకోవలసిందేముంది?” అనేది రెండోది. రెండూ బద్ధకం నుంచి పుట్టిన మాటలే. మన పిల్లలు క్రైస్తవ పిల్లలతో ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకుంటున్నారు. “మీరు ఈసా అంటారట కదా, మేము యేసు అంటాం, ఇద్దరం నమ్మేది ఆయన్నేగా?” అని స్నేహితురాలు అడిగితే మన అమ్మాయి ఏమి చెబుతుంది? ఎక్కడ కలుస్తామో, ఎక్కడ విడిపోతామో ఆమెకు ఇంట్లో ఎవరైనా వివరించారా? గ్రంథప్రజలతో ఉత్తమమైన రీతిలో తప్ప వాదించవద్దని దివ్యఖుర్ఆన్ అన్‌కబూత్ సూరా 46వ వాక్యంలో ఆదేశించింది. ఎదుటివారి విశ్వాసం ఏమిటో తెలియకుండా ఆ ఉత్తమ రీతి సాధ్యపడదు.

ఈ సహవాసానికి మూలపురుషుడు బఖ్త్ సింగ్. 1903లో నేటి పాకిస్తాన్‌లోని సర్గోధా జిల్లాలో ఒక సిక్కు కుటుంబంలో జన్మించాడు. చదువుకున్నది క్రైస్తవ మిషన్ పాఠశాలలోనే అయినా ఆ మతమంటే అతనికి గిట్టేది కాదు. బహుమతిగా ఇచ్చిన బైబిల్‌ను చించివేసి, అందంగా ఉందని తోలు అట్టను మాత్రం దాచుకున్నానని తర్వాతి కాలంలో తానే చెప్పుకున్నాడు. 1926లో ఇంజనీరింగ్ చదువుకు ఇంగ్లండు వెళ్ళి, అక్కడి నుంచి కెనడా చేరాడు. 1929లో విన్నిపెగ్ నగరంలో ఒక మిత్రుని దగ్గర కొత్త నిబంధన అడిగి తీసుకుని చదివి క్రైస్తవుడయ్యాడు. 1932లో వాంకూవర్‌లో బాప్తిస్మం పొంది, మరుసటి సంవత్సరం స్వదేశానికి తిరిగి వచ్చాడు.

బొంబాయిలో తల్లిదండ్రులు అతణ్ణి కలిశారు. ఈ సంగతి గుట్టుగా ఉంచు, కుటుంబ పరువు నిలబెట్టు అని కోరారు. అతడు ఒప్పుకోలేదు. వారు అతణ్ణి అక్కడే వదిలి వెళ్ళిపోయారు. ఈ ఘట్టం చదివే ముస్లిమ్ పాఠకునికి ఒకేసారి రెండు వైపుల నుంచి బాధ కలుగుతుంది. నమ్మినదాన్ని దాచిపెట్టి బ్రతకలేని మనిషి వేదన అర్థమవుతుంది, ఎందుకంటే మక్కాలో తొలి ముస్లిమ్ యువకులు ఎదుర్కొన్నది కూడా ఇదే. బిడ్డను దూరం చేసుకున్న తల్లి కడుపుకోతా అర్థమవుతుంది. షిర్క్ చేయమని తల్లిదండ్రులు ఒత్తిడి చేస్తే ఆ ఒక్క విషయంలో మాట వినవద్దని, అయినా ప్రాపంచిక జీవితంలో వారితో మంచిగా మెలగమని లుఖ్మాన్ సూరా బోధించింది. విశ్వాసం మారిన ఇళ్ళలో రక్తసంబంధం ఏమవుతుందనే ప్రశ్న ఏ ఒక్క మతానికీ పరిమితం కాదు.

బఖ్త్ సింగ్ ఏ మిషన్ సంస్థలోనూ ఉద్యోగిగా చేరలేదు. 1941లో మద్రాసు సమీపంలోని పల్లావరం కొండ మీద సహచరులతో రాత్రంతా ప్రార్థనలో గడిపి, ఆ తర్వాత నగరంలో ‘యెహోవా షమ్మా’ అనే పేరుతో తొలి సహవాసాన్ని నెలకొల్పాడు. 1950 ప్రాంతంలో హైదరాబాదు హెబ్రోను ఏర్పడింది. తెలుగు నేలపై ఊరూరా ఇలాంటి సహవాసాలు వెలిశాయి. ఆయన చివరి సంవత్సరాలు పార్కిన్సన్స్ వ్యాధితో మంచం మీద గడిచాయి. 2000 సెప్టెంబరు 17న హైదరాబాదులోనే మరణించాడు. అంతిమయాత్రలో వేలాదిమంది నడిచారు. నారాయణగూడ క్రైస్తవ శ్మశానంలో ఖననం చేశారు.

హెబ్రోను అనే పేరు మనకు పరాయిది కాదు. హజ్రత్ ఇబ్రాహీమ్ (అలైహిస్సలాం) విశ్రమిస్తున్న పాలస్తీనా పట్టణాన్ని యూదులు, క్రైస్తవులు ఆ పేరుతో పిలుస్తారు. అరబ్బులు ఆ ఊరినే ‘అల్ ఖలీల్’ అంటారు. దైవమిత్రుడైన ఇబ్రాహీమ్ బిరుదే దానికి పేరైంది.

ఇక ఆరాధన సంగతి. ఆదివారం కూడిక కొన్ని గంటలపాటు సాగుతుంది. మోకాళ్ళ మీద ప్రార్థన, డోలక్, తాళాలతో సీయోను గీతాలు, బైబిల్ పఠనం, సుదీర్ఘమైన ప్రసంగం ఉంటాయి. గోడల నిండా బైబిల్ వాక్యాలు రాసిన పటాలు వేలాడుతుంటాయి. ముందుగా రాసిపెట్టుకున్న ప్రార్థన అంటూ ఉండదు. ఆరాధన సమయంలో ఎవరి హృదయం కదిలితే వారు తమ తెలుగులో, తమ యాసలో దైవాన్ని స్తుతిస్తారు. చదువుకున్న అధికారి పక్కన కూలిపని చేసుకునే మనిషి కూడా గొంతెత్తుతాడు. అతని మాటకు అందరూ ఆమెన్ పలుకుతారు.

ఈ విషయం దగ్గర కాస్త ఆగవలసి ఉంది. మన నమాజ్ నిర్మాణం వేరు. దానికి వేళలు, రకాత్‌లు, ఖిబ్లా, నిర్ణీతమైన పారాయణం ఉన్నాయి. ప్రవక్త మహనీయులు (సల్లల్లాహు అలైహి వసల్లం) నేర్పిన ఆ రూపంలో వ్యక్తి ఇష్టానికి చోటు లేదు. అందుకే ముషీరాబాద్ మస్జిద్‌లో నిలబడిన మనిషి, జకార్తా మస్జిద్‌లో నిలబడిన మనిషి ఒకే వరుసలో ఉన్నట్లే. హెబ్రోను ఆరాధనలో ఆ ఏకరూపత లేదు, కావాలని వారు కోరుకోరు కూడా. అయితే నమాజ్‌తో పాటు ఇస్లామ్ మనకు దుఆను కూడా ఇచ్చింది. ఏకాంతంలో చేతులెత్తి, తన భాషలో, తన కష్టాన్ని తన ప్రభువుకు చెప్పుకునే స్వేచ్ఛ అది. మన తెలుగు ముస్లిమ్ ఇళ్ళలో ఎంతమంది ఈ స్వేచ్ఛను వాడుకుంటున్నారు? ఇమామ్ సాహెబ్ అరబీలో చేసిన దుఆకు ఆమీన్ చెప్పి లేచిపోవడమే అలవాటైపోయింది. తెలుగులో అడిగితే అల్లాహ్ వినడా అని సందేహించే అమ్మమ్మలు మన మధ్య ఉన్నారు. పొరుగువారి ఆరాధన చూసి నమాజ్‌ను మార్చుకోవలసిన పని లేదు. మన దగ్గరే ఉండి వాడకుండా మూలన పెట్టిన దుఆను బయటికి తీయవలసిన పని మాత్రం ఉంది.

డబ్బు విషయంలో ఈ సహవాసాల పద్ధతి గమనించదగినది. విదేశీ మిషన్ల నిధులపై ఆధారపడకూడదని, సభల్లో విరాళాలు అడగకూడదని బఖ్త్ సింగ్ నియమం పెట్టుకున్నాడు. పూర్తికాల సేవకులకు నిర్ణీత జీతం ఉండదు. ఏటా జరిగే ‘పరిశుద్ధ సమావేశాల’కు వేలాదిమంది వచ్చి రోజుల తరబడి అక్కడే ఉంటారు. వారందరికీ భోజనం ఉచితమే. వంట, వడ్డన, శుభ్రత అన్నీ సంఘంలోనివారే చూసుకుంటారు. (ఇది చదివి మస్జిద్ కమిటీల పెద్దలెవరైనా, ఇమామ్‌కు జీతం ఎందుకని అనుకోబోతే ఇక్కడే ఆగాలి. ఇప్పటికే చాలాచోట్ల ఇమామ్‌ల జీతం ఇల్లు గడవనంత తక్కువ. ఒకరి త్యాగాన్ని మరొకరి పొట్ట కొట్టడానికి ఉదాహరణగా వాడకూడదు.)

చిన్న నిర్ణయానికైనా మోకరించి ‘ప్రభువు చిత్తం’ తెలుసుకున్నాకే అడుగు వేయాలన్నది బఖ్త్ సింగ్ బోధలో ముఖ్యమైన అంశం. మన ఇస్తిఖారా నమాజ్ గుర్తుకు వస్తుంది. చెప్పులు విడవడంలోనూ ఇలాంటి పోలికే ఉంది. హజ్రత్ మూసా (అలైహిస్సలాం)ను పవిత్ర స్థలంలో చెప్పులు విడువమన్న ఘట్టం బైబిల్ నిర్గమకాండంలోనూ, ఖుర్ఆన్ తాహా సూరాలోనూ కనిపిస్తుంది.

అయితే పోలికలను ఇలా పేర్చుకుంటూ పోతే మొదట చెప్పుకున్న “అంతా ఒకటే” అనే మాట దగ్గరికే చేరతాం. ఆరాధనకు గుండెకాయ చాపలోనూ, కొంగులోనూ లేదు. హెబ్రోనులో ఆ గుండెకాయ రొట్టె విరవడం. ప్రతి ఆదివారం ఒకే రొట్టెను పంచుకుంటారు, పాత్రలోని ద్రాక్షరసాన్ని పుచ్చుకుంటారు. రొట్టె యేసు శరీరానికి, రసం ఆయన రక్తానికి గుర్తు. కేథలిక్ చర్చి నమ్మినట్లు అవి నిజంగా శరీరరక్తాలుగా మారతాయని వీరు అనరు, జ్ఞాపకార్థమని అంటారు. ఏమిటా జ్ఞాపకం? మానవుల పాపాలకు మూల్యంగా యేసు శిలువపై ప్రాణమిచ్చాడని, మూడవ రోజు తిరిగి లేచాడని, ఆయన దైవకుమారుడని, తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒకే దేవుడని వారి విశ్వాసం. వయసు వచ్చి దీన్ని స్వయంగా ఒప్పుకున్నవారికే నీటిలో పూర్తిగా ముంచి బాప్తిస్మం ఇస్తారు. పసిపిల్లలకు ఇవ్వరు. తల్లిదండ్రుల మతం బిడ్డకు వారసత్వంగా రాదని, ప్రతి మనిషీ తానుగా పశ్చాత్తాపపడాలని వారి వాదన.

మనం విడిపోయేది సరిగ్గా ఇక్కడే. హజ్రత్ ఈసా (అలైహిస్సలాం) కన్య అయిన మర్యమ్ (అలైహస్సలాం) కుమారుడని, మసీహ్ అని, అల్లాహ్ మహిమతో రోగులను స్వస్థపరచిన ప్రవక్త అని మనం మనసారా విశ్వసిస్తాం. ఆయనను నమ్మనివాడు ముస్లిమ్ కాలేడు. కానీ ఆయన దైవదాసుడు, దైవప్రవక్త. ఆయనను ఆరాధించడం తౌహీద్‌కు విరుద్ధం. ఆయనను శిలువపై చంపలేకపోయారని నిసా సూరా 157వ వాక్యం స్పష్టం చేస్తుంది. ఒకరి పాపభారాన్ని మరొకరు మోయరన్నది ఫాతిర్ సూరా ఉపదేశం. పాపం చేసినవాడు నేరుగా తన ప్రభువు వైపు మరలి తౌబా చేస్తే, క్షమించడానికి అల్లాహ్‌కు ఏ బలీ అవసరం లేదని మనం నమ్ముతాం. హెబ్రోనులో మోకరించిన మనిషికీ, మస్జిద్‌లో సజ్దా చేసే మనిషికీ కన్నీళ్ళు ఒకేలా ఉండవచ్చు. కానీ ఒకరు శిలువను ఆధారంగా పట్టుకుని ఏడుస్తున్నారు, మరొకరు మధ్యవర్తి లేకుండా ఏడుస్తున్నారు. ఈ తేడాను మర్యాద కోసం మింగేస్తే ఇద్దరి విశ్వాసాన్నీ చిన్నబుచ్చినట్లవుతుంది. హెబ్రోను పెద్దలు సైతం ఈ తేడా లేదంటే ఒప్పుకోరు.

తేడాను గుర్తించిన తర్వాత ప్రవర్తన ఎలా ఉండాలన్నది మిగిలిన ప్రశ్న. నజ్రాన్ క్రైస్తవుల ప్రతినిధి బృందం మదీనాకు వచ్చినప్పుడు, వారి ప్రార్థన వేళ అయితే మస్జిదె నబవీలోనే వారిని ప్రార్థించుకోనిచ్చారని సీరత్ గ్రంథాలు చెబుతున్నాయి. ఆ బృందంతోనే ఈసా (అలైహిస్సలాం) గురించి ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) సూటిగా చర్చించారు కూడా. చోటిచ్చిన మర్యాదా, దాచకుండా చెప్పిన సత్యమూ ఒకే మస్జిద్‌లో, ఒకే అతిథుల ముందు జరిగాయి.

ఇక నిత్యజీవితంలో ఎదురయ్యే ఒక సందేహం. ఆరాధన ముగిశాక ఈ సహవాసాల్లో ‘ప్రేమ విందు’ ఉంటుంది. అందరూ నేల మీద వరుసగా కూర్చుని సాదా అన్నం, కూర తింటారు. కులం, హోదా అడగరు. పంక్తిభేదం పాటించే మన దేశంలో ఇది చిన్న విషయం కాదు. పొరుగింటి క్రైస్తవ కుటుంబం ఇలాంటి విందుకు పిలిస్తే వెళ్ళవచ్చా అని మన చెల్లెళ్ళు అడుగుతుంటారు. రొట్టె విరవడం వేరు, విందు వేరు. మొదటిది ఆరాధన. అందులో మనం పాలుపంచుకోలేము, బాప్తిస్మం లేనివారికి వారూ ఇవ్వరు. రెండోది భోజనం. గ్రంథప్రజల ఆహారం గురించి మాయిదా సూరా 5వ వాక్యం అనుమతి ఇచ్చింది. మాంసం విషయంలో జబహ్ షరతులు ఉన్నాయి కనుక దగ్గరలోని ఆలిమ్‌ను అడగడం మంచిది, లేదా పప్పు, కూరగాయలతో సరిపెట్టుకోవచ్చు. వారు ప్రార్థన మొదలుపెడితే మౌనంగా కూర్చుంటే చాలు, ఆమెన్ అనవలసిన అవసరం లేదు, ముఖం తిప్పుకోవలసిన అవసరమూ లేదు. ఎందుకు అనలేదని తర్వాత అడిగితే పైన చెప్పిన తేడాను నెమ్మదిగా చెప్పవచ్చు. తిరిగి వచ్చాక, రంజాన్‌లో ఒక సాయంత్రం వారిని ఇఫ్తార్‌కు పిలవవచ్చు. మన ఇంట్లోనూ చెప్పులు బయటే విడుస్తారు కనుక వారికి కొత్తగా ఏమీ ఉండదు.