ఐర్లాండువారి మాంసము, బంగాళదుంపల కుండ



గత క్రిస్మసు సెలవులలో మా సంఘపు అమ్మాయి ఒకతె ఐర్లాండు దేశమునుండి ఊరికి వచ్చింది. అక్కడ ఆసుపత్రిలో నర్సుగా పని చేస్తున్నది. ఒకరోజు ఉదయమే మా ఇంటికి వచ్చి మా ఇల్లాలితో, "అమ్మగారూ, ఈ పూట పొయ్యి నాకు వదిలిపెట్టండి. అక్కడివాళ్లు ఇళ్లల్లో వండుకొనే కూర మీకు తినిపిస్తాను" అన్నది. మేము సంతోషముగా ఒప్పుకొన్నాము.

తీరా చూస్తే ఆమె తెప్పించినవి మూడే: గొర్రెమాంసము, బంగాళదుంపలు, ఉల్లిపాయలు. అల్లం వెల్లుల్లి నూరలేదు. మసాలా దంచలేదు. కారము డబ్బా మూతైనా తీయలేదు. ఆ సమయానికి వచ్చిన మా సంఘములోని ఒక పెద్దమ్మ కుండలోకి తొంగిచూసి, "ఇదేం కూరే తల్లీ! బాలింతకు పెట్టే పథ్యంలాగుంది" అని నవ్వింది. "తిన్నాక చెప్పు పెద్దమ్మా" అన్నది ఆ అమ్మాయి.

ఆ తరువాత ఆ కూరను మా ఇంట మేమే మూడుసార్లు వండుకొన్నాము గనుక ధైర్యముగా మీకు చెప్పగలము. ఆరుగురికి సరిపోయే లెక్క ఇది. ఎముకతో కూడిన గొర్రెమాంసము ఒక కిలో, మెడ భాగమైతే మంచిది. బంగాళదుంపలు కిలోన్నర, ఉల్లిపాయలు అరకిలో, ఉప్పు, మిరియాల పొడి. వారు థైమ్ అనే ఆకును, పార్‌స్లీ అనే ఆకును వేస్తారు. అవి మన సంతలో దొరకవు. థైమ్‌కు ఆ వాసననిచ్చే పదార్థమే మన వాములో కూడ ఉన్నది గనుక చిటికెడు వాము నలిపి వేస్తే చాలును. పార్‌స్లీకి బదులు కొత్తిమీర వాడాము. రుచి అచ్చముగా అదే కాదు గాని, బాగున్నది.

మొదట మాంసమును చన్నీళ్లలో వేసి ఒక పొంగు రానిచ్చి, పైన తేలిన నురగతో సహా ఆ నీళ్లు పారబోయాలి. మందమైన అడుగుగల గిన్నె తీసికొని, దుంపలలో సగము పలుచని బిళ్లలుగా కోసి అడుగున పరవాలి. దానిమీద ఉల్లిపాయ ముక్కలు, దానిమీద మాంసము, ఉప్పు, మిరియాలు, వాము. మరల ఉల్లిపాయలు. మిగిలిన దుంపలను పెద్దవిగా, రెండేసి ముక్కలుగా మాత్రమే కోసి అన్నిటికి పైన అమర్చాలి. పై వరుస దుంపల క్రింది అంచు తడిసేంతవరకే నీళ్లు పోయాలి. ఆ దుంపలు ఆవిరికే ఉడకాలి.

ఇక బిగుతుగా మూత పెట్టి, ఒక్క ఉడుకు రాగానే మంట బాగా తగ్గించాలి. అక్కడనుండి రెండు గంటలు, ముదురు మాంసమైతే మరొక అరగంట. మధ్యలో గరిటె పెట్టి కలుపకూడదు. అవసరమైతే గిన్నెను రెండు చేతులతో పట్టుకొని కొంచెము కుదపాలి. కుక్కరులో వండేవారు మాంసమును ముందుగా విడిగా ఉడికించుకొని, దుంపలు తరువాత వేసి సన్నని మంటమీద పూర్తిచేయాలి. లేనియెడల దుంపలన్నీ జావైపోతాయి. ఇప్పుడు అక్కడ చాలామంది దీనిని మూతగల పాత్రలో పెట్టి, ఓవెనులో 160 డిగ్రీల వేడిమీద వదిలివేస్తారట. మన ఇళ్లలో కట్టెల పొయ్యిమీద మంట తీసివేసి, నిప్పులు మాత్రము ఉంచితే అదే పని జరుగుతుంది.

ఇంతసేపు ఎందుకని మా ఇల్లాలు అడిగింది. దానికి కారణమున్నది. ఆ దేశములో గొర్రెలను పెంచేది ఉన్నికొరకు, పాలకొరకు. ఇక పనికిరాదనుకొన్న ముసలి గొర్రె మాత్రమే బీదవాని కుండకు వచ్చేది. ముదురు మాంసములోని నరాలు, పొరలు పెద్ద మంటకు బిగుసుకొంటాయి. చిన్న మంటమీద గంటలకొలది ఉంచితే కరిగి రసములో కలిసి దానికి చిక్కదనమునిస్తాయి. అడుగున పరచిన పలుచని దుంపలు కూడ కరిగిపోతాయి. పిండి కలుపవలసిన పని లేదు. నూనె చుక్క కూడ అక్కరలేదు. పూర్వము అక్కడి ఇళ్లలో మూడు కాళ్ల ఇనుప కుండను కొక్కెమునకు తగిలించి, బురదనేలలలో కోసి ఎండబెట్టిన పీట్ అనే మట్టిపెళ్లల నిప్పుమీద వ్రేలాడదీసేవారు. మన పిడకల దాలి వంటిదే అది. కేరట్లు వేయవచ్చునా లేదా అని అక్కడ ఈనాటికీ వాదించుకొంటారట. మాంసము, దుంప, ఉల్లి తప్ప మరేది వేసినా అది అసలు వంట కాదనేవారున్నారు.

కుండ పొయ్యిమీద ఉన్న ఆ రెండు గంటలలో ఆ అమ్మాయి మరొక సంగతి చెప్పింది. ఈ వంట నేర్పిన పక్కింటి ముసలమ్మ ఒక్క దుంపముక్కను కూడ పారవేయనిచ్చేది కాదట. "తొక్క కూడ పలుచగా తీయి" అని గద్దించేదట. అందుకు కారణము ఆ దేశపు చరిత్రలో ఉన్నది.

దక్షిణ అమెరికా కొండలలో పుట్టిన బంగాళదుంప ఇంచుమించు నాలుగు వందల సంవత్సరముల క్రితము ఐర్లాండు చేరింది. కొద్దిపాటి చెక్కలో కుటుంబమంతటికి తిండి పండించే పంట అది. పండిన ధాన్యము, పెంచిన పశువులు భూస్వాముల కౌలుకు పోయేవి. కూలివానికి దుంపలు, మజ్జిగ మిగిలేవి. కష్టము చేసే మగవాడు రోజుకు ఐదారు కిలోల దుంపలు తినేవాడంటే, వానికి మరేమీ లేదని అర్థము. ఈ కుండలోని మాంసము వారికి పండుగనాటి మాట.

1845 సెప్టెంబరులో ఒక తెగులు ఆ పొలములకు వచ్చింది. ఆకులు నల్లబడి, నేలలోని దుంపలు కుళ్లి కంపుకొట్టాయి. బీదలందరు వేసినది ఎక్కువగా ఒకే రకము. దుంపనుండి దుంపను నాటే పంట గనుక ఒక మొక్కకు తెగులునకు ఓర్చే శక్తి లేకపోతే దేనికీ లేనట్లే. 1846లో పంట దాదాపు పూర్తిగా పోయింది. 1851 నాటికి సుమారు పది లక్షలమంది ఆకలితో, జ్వరములతో చనిపోయారు. అంతకు తక్కువకాని సంఖ్యలో ఓడలెక్కి దేశము విడిచిపోయారు. 1841 జనాభా లెక్కలలో 81 లక్షలకు పైబడియున్నవారు 1851 నాటికి 65 లక్షలైనారు. ఆ సంవత్సరములలోనే ధాన్యము మోసే ఓడలు ఆ దేశపు రేవులనుండి ఇంగ్లండుకు పోతూనే ఉన్నాయి.

అప్పుడు ఆ ప్రజలను ఆదుకొన్నది సూపు కుండ. క్వేకరులనే చిన్న క్రైస్తవ సమాజమువారు 1846 చివరనుండి ఊరూర పెద్ద పెద్ద ఇనుప బాయిలర్లు పెట్టించి, నీవు ఏ సంఘమువాడవని అడుగకుండ గిన్నె పట్టినవారికెల్ల పోశారు. ప్రభుత్వము కూడ 1847లో సూపు కేంద్రములు తెరచింది. ఆ జూలై నెలలో దినమునకు ముప్పది లక్షలమంది వాటిమీద బ్రతికారు. అయితే ఆ శరత్కాలమునాటికే వాటిని మూసివేశారు. మన దేశమునుండి కూడ సహాయము వెళ్లింది. 1846లోనే కలకత్తాలో చందాలు పోగుచేసి పంపారు. అమెరికాలో తమ భూములనుండి వెళ్లగొట్టబడిన చోక్టా అనే ఆదివాసి జాతివారు 1847లో తమకున్న కొద్దిలోనుండి డబ్బు కూడబెట్టి పంపారు. ఐర్లాండు ప్రజలు దానిని నేటికీ మరువలేదు.

ఇక మేము చెప్పుటకు సిగ్గుపడే సంగతి. మనవంటి ప్రొటెస్టంటు మిషనులవారు కొందరు, సూపు కావాలంటే మా బడికి రండి, మా ఆరాధనకు రండి, మీ మతము విడువండి అన్నారు. అందరూ అలాగు చేయలేదు. రోగులకు సేవచేస్తూ ఆ జ్వరమే తగిలి మరణించిన పాదిరులు కూడ ఉన్నారు. అయినను ఆ కొందరి పని చెడ్డ పేరుగా నిలిచిపోయింది. "వాళ్ల తాతలు సూపు త్రాగారు" అనే మాట అక్కడ ఇప్పటికీ తిట్టేనట.

ఆదికాండములో యాకోబు వండిన కుండను గూర్చి మేము ఎన్నో ప్రసంగములు చేశాము. పొలమునుండి అలసివచ్చిన ఏశావు ఒక్క పూట కూటికి జ్యేష్ఠత్వమును అమ్ముకొన్నాడని అతనినే నిందించాము. ఆ రోజు పొయ్యిదగ్గర కూర్చుండి వింటూ ఉండగా, ఆకలితో వచ్చిన సొంత అన్నకు వెల చెప్పి వడ్డించిన తమ్ముడు మాకు మొదటిసారి కనబడ్డాడు.

ఎందుకనగా మేమూ ఆ పని చేసినవారమే. ఒక వరద సంవత్సరములో దాతలు పంపిన బియ్యము మా గుడి ఆవరణలో పంచాము. పుస్తకము పట్టుకొని పేర్లు పిలిచాము. ముందు క్రమముగా ఆరాధనకు వచ్చేవారు, తరువాత మిగిలిన సంఘస్థులు, ఇంకా మిగిలితే ఇతరులు. ఒక విధవరాలు ఉదయమునుండి ఖాళీ సంచితో గోడవార నిలుచున్నది. ఆమె ఇల్లు కూడ అందరి ఇళ్లవలెనే మునిగింది. "తరువాత రామ్మా" అన్నాము. "నేను కూడ ఆదివారం వస్తాను అయ్యగారూ" అన్నదామె. ఆ మాటకు మేము సంతోషించి బియ్యమిచ్చాము. ఆమె రెండు ఆదివారములు వచ్చి వెనుక కూర్చున్నది. మూడవ ఆదివారము రాలేదు. అప్పుడు ఆమెను తప్పుపట్టాము. ఆమె బాకీ తీర్చి వెళ్లినదని ఇన్నాళ్లకు మాకు తెలిసింది.

మన తెలుగు గడ్డమీదనే మరొక దారి చూపినవారున్నారు. 1876-78 కరవులో ఒంగోలులోని క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకములో కొంత భాగము గుత్తకు తీసికొని వేలాదిమందికి పని, కూలి ఇప్పించారు. బాప్తిస్మము కోరి వచ్చినవారు చాలామంది ఉన్నను, కూటికొరకు వచ్చారనే మాట రాకూడదని కరవు సహాయము జరిగినంతకాలము ఆయన ఎవరికీ ఇవ్వలేదు. అది ముగిసిన తరువాతనే, 1878 జూలై 3న, ఒక్కరోజున 2,222 మంది గుండ్లకమ్మ నదిలో బాప్తిస్మము పొందారు. కూడు వేరు, విశ్వాసము వేరు అని ఆయనకు తెలుసును.

రెండు గంటలైన తరువాత మూత తీశాము. వాసన ఇల్లంతా నిండింది. పైన దుంపలు తెల్లగా పగిలి, క్రింద రసము చిక్కగా, మాంసము వ్రేలితో తాకితే ఎముక వదిలేటట్లున్నది. పైన కొత్తిమీర చల్లి, రొట్టెతో వడ్డించింది. పెద్దమ్మ మొదటి ముద్దకు ఏమీ మాట్లాడలేదు. రెండవసారి కంచము చాపి, "కారం లేకపోయినా కడుపు చల్లగా ఉందే" అన్నది.

మూడవసారి మేమే వండిన రోజున మా ఇల్లాలు ఒక గిన్నెలో ఆ కూర నింపి ఇచ్చింది. మేము దానిని ఆ విధవరాలి ఇంటికి తీసికొని వెళ్లాము. ఆనాటి బియ్యము సంగతి ఎత్తి, "తప్పు మాదేనమ్మా" అన్నాము. ఆమె కొంచెముసేపు నేలవైపు చూచి, "పోనీలెండి అయ్యగారూ" అన్నది. ఆదివారమును గూర్చి మేము అడుగలేదు, ఆమె చెప్పలేదు. మరునాడు గిన్నె తోమి తెచ్చి ఇచ్చింది. ఖాళీ గిన్నె ఇవ్వకూడదని అందులో నాలుగు మునగకాయలు పెట్టింది. "కూర బాగుంది గాని, ఇంకొకసారి నాలుగు పచ్చిమిరపకాయలు వేయమనండి" అని నవ్వుతూ వెళ్లింది.

ప్రియులారా, ఈ కూరకు ఖర్చు తక్కువ, ఓపిక ఎక్కువ. మీ ఇంట వండినప్పుడు రెండు దుంపలు ఎక్కువగా వేయండి. ఆ ఎక్కువ వేసినది మీ వీధిలో ఎవరికి వెళ్లాలో మీకే తెలుసును. గిన్నె ఇచ్చి వచ్చేయండి, మరేమీ అడుగవద్దు.

ప్రభువు మీ పొయ్యిని, మీ కుండను దీవించును గాక.