ఆట నుంచి అరచేతి దాకా

1969వ సంవత్సరం. అమెరికాలోని బెల్ పరిశోధనాలయంలో పనిచేస్తున్న కెన్ థాంప్సన్ అనే యువకుడు సరదాకోసం ఒక ఆట వ్రాసుకొన్నాడు. గ్రహాల నడుమ వ్యోమనౌకను నడుపుకొంటూ పోయే ఆట అది. అయితే అక్కడి పెద్ద కంప్యూటరు మీద దానిని ఒక్కసారి ఆడితే లెక్కలో 75 డాలర్ల ఖర్చు పడేది. అందుచేత అంతగా ఎవరూ వాడని పి.డి.పి-7 అనే చిన్న యంత్రాన్ని వెదకి పట్టుకొని, డెనిస్ రిచీ తోడ్పాటుతో ఆ ఆటను దాని మీదికి మార్చాడు. ఆ పనిలో యంత్రంతో కలిగిన చనువే కొద్దికాలానికి యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ పుట్టుకకు దారితీసింది.

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే మనిషికీ యంత్రానికీ నడుమ నిలిచే దుబాసీ వంటిది. మనం ఒక అక్షరం నొక్కినా, ఒక బొమ్మ తెరిచినా, ఆ కోరికను యంత్రానికి తెలిసే భాషలో చెప్పి, పని చేయించి, ఫలితాన్ని తిరిగి మనకు అందించేది అదే. దుబాసీ ఎవరి పక్షాన మాట్లాడుతున్నాడు అన్నది ఏ కాలంలోనైనా తలెత్తే ప్రశ్న. ఈ కథలోనూ చివరకు మిగిలేది ఆ ప్రశ్నే.

అదే 1969 డిసెంబరు 28న ఫిన్లండు రాజధాని హెల్సింకీలో లినస్ టోర్వాల్డ్స్ జన్మించాడు. అతని మాతామహుడు గణాంకశాస్త్ర ఆచార్యుడు. ఆయన ఇంట్లో కమొడోర్ విక్-20 అనే చిన్న కంప్యూటరు ఉండేది. ఆయన తాను కాగితం మీద వ్రాసుకొన్న ప్రోగ్రాములను, మనుమణ్ణి ఒడిలో కూర్చోబెట్టుకొని, అతనిచేత యంత్రంలోకి ఎక్కించేవాడు. పిల్లవాడికి ఆ విద్య పట్టుబడింది, తరువాత వదలలేదు.

1991 జనవరిలో విశ్వవిద్యాలయ విద్యార్థిగా ఉన్న లినస్ వాయిదాల మీద ఒక కంప్యూటరు కొన్నాడు. దాని మీద నడపదలచిన మినిక్స్ అనే సిస్టమ్ చేతికి అందేవరకు అతడు చేసిన ఘనకార్యం ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ అనే ఆట ఆడుతూ కూర్చోవడమే! మినిక్స్ వచ్చాక అందులోని లోపాలు అతనికి రుచించలేదు. తన అవసరానికి తానే కొంత వ్రాసుకొన్నాడు. ఆ కొంత పెరిగి పెద్దదయింది. ఆగస్టు 25న, తాను ఒక సిస్టమ్ వ్రాస్తున్నాననీ, అది కేవలం సరదా పని అనీ, పెద్దదేమీ కాబోదనీ తోటి ఔత్సాహికులకు తెలియజేశాడు. లోకం దానిని లినక్స్ అని పిలిచింది.

ఆనాటి నుంచి లినస్ అభిప్రాయాలకు కొరత లేదు. మొదటి తగవు 1992 జనవరిలో, మినిక్స్‌ను రచించిన ఆమ్‌స్టర్‌డామ్ ఆచార్యుడు ఆండ్రూ టానెన్‌బామ్‌తోనే వచ్చింది. సిస్టమ్ గర్భభాగాన్ని ఓడలోని అరల వలె విడివిడి భాగాలుగా కట్టాలనీ, అప్పుడే ఒక అర చెడినా ఓడ మునగదనీ, లినక్స్ కాలం చెల్లిన పద్ధతి అనీ ఆచార్యుని వాదం. సిద్ధాంతానికి ఎంత సొగసైనదైనా, నడవని ఓడ కన్నా నడిచే ఓడే మేలన్నది విద్యార్థి వాదం. కాలం ఇద్దరినీ కాదనలేదు. 2017 నవంబరు నాటికి ప్రపంచంలోని మొదటి 500 మహా కంప్యూటర్లూ లినక్స్ మీదనే నడిచాయి. 2021లో అంగారకుని మీద ఎగిరిన చిన్న హెలికాప్టరులోనూ అదే ఉంది. మినిక్స్ మాత్రం ఇంటెల్ చిప్పులలో ఒక మూల చడీచప్పుడు లేకుండా పనిచేస్తున్నదని అదే 2017లో లోకానికి తెలిసింది.

ఆటల విషయంలోనూ లినస్ మాట వినదగినదే. ఇళ్లలోని కంప్యూటర్లలో లినక్స్ వ్యాపించకపోవడానికి లినక్స్ బృందాలే కారణమని 2014లో ఆయన నిష్ఠురంగా అన్నాడు. ఒక్కొక్కరూ ఒక్కొక్క రకంగా సిస్టమ్‌ను కూర్చడంతో, ఒకచోట నడిచిన ప్రోగ్రాము మరొకచోట నడవదు. ఈ చిక్కును బహుశా వాల్వ్ అనే ఆటల సంస్థ విప్పవచ్చునని ఆయన ఊహించాడు. విండోస్ కోసం వ్రాసిన ఆటలను లినక్స్ మీద నడిపే ఉపాయాన్ని ఆ సంస్థ 2018లో విడుదల చేసింది. 2022లో లినక్స్‌తో నడిచే స్టీమ్ డెక్ అనే చేతి యంత్రాన్ని అమ్మకానికి పెట్టింది. ఆటతో మొదలైన వంశం మళ్లీ ఆట దగ్గరికే చేరిందన్నమాట.

ఇక స్మార్ట్‌ఫోన్ సంగతి. ఆండ్రాయిడ్‌తో తొలి ఫోను 2008లో వెలువడింది. దాని గర్భంలో ఉన్నది లినక్సే. మన దేశంలో అత్యధికుల చేతులలో ఉన్న ఫోన్లు ఆ జాతివే. 1992లో లినస్ తన రచనను జి.పి.ఎల్. అనే ఒప్పందపత్రం కింద లోకానికి ఇచ్చాడు. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. మార్చినదాన్ని ఇతరులకు ఇచ్చేటప్పుడు ఆ మూలాన్ని కూడ ఇవ్వాలి. తాను చేసిన పనులన్నిటిలో ఇదే ఉత్తమమని ఆయన తరువాత చెప్పుకొన్నాడు.

కాని మూలం చేతిలో ఉన్నంత మాత్రాన యంత్రం మనదవుతుందా? టీవో అనే టెలివిజన్ రికార్డరులో లినక్స్ ఉండేది. దాని మూలాన్ని తయారీదారు అందరికీ ఇచ్చాడు. అయితే కొనుగోలుదారు దానిని మార్చి పెడితే యంత్రం నడవకుండా తాళం వేశాడు. జి.పి.ఎల్. సృష్టికర్త రిచర్డ్ స్టాల్‌మన్ దీనిని అన్యాయంగా ఎంచి, ఇటువంటి తాళాలను అడ్డుకొనే మూడవ పత్రాన్ని 2007లో తెచ్చాడు. లినస్ ఒప్పుకోలేదు. నా రచనకు మీరు చేసిన మెరుగులు నాకు తిరిగి ఇవ్వండి, మీ యంత్రాన్ని మీరెలా కట్టుకొంటారో నాకనవసరం అన్నది ఆయన భావం. లినక్స్ నేటికీ రెండవ పత్రం కిందనే ఉంది.

ఈ అభిప్రాయభేదం పండితుల కలహంగా తోచవచ్చు. దాని ఫలితం మాత్రం మన జేబులో ఉంది. కొన్నేళ్లు గడిచాక తయారీదారు పాత ఫోనుకు కొత్త సవరణలు పంపడం మానివేస్తాడు. యంత్రం చక్కగానే ఉంటుంది. గర్భంలోని సిస్టమ్ మూలం బహిరంగంగానే ఉంటుంది. అయినా తాళం తీసే వీలు లేని ఫోను యజమాని దానికి ప్రాణం పోయలేడు. తాళాన్ని నిషేధించి ఉంటే తయారీదారులు లినక్స్ వైపు చూసేవారే కారేమోనన్న మాటలోనూ నిజం లేకపోలేదు. లినస్ ఔదార్యం వల్ల లినక్స్ కోట్ల ఇళ్లకు చేరింది. ఆ ఔదార్యం వల్లనే చాలా ఇళ్లలో అది అద్దెకున్నవాడివలె మసలుతున్నది.

మాట కటువు లినస్‌కు చిరకాలపు దోషం. 2018 సెప్టెంబరులో ఆయన తన పరుష లేఖలకు బహిరంగంగా క్షమాపణ చెప్పి, కొద్దివారాలు పనికి దూరంగా ఉన్నాడు. అభిప్రాయం గట్టిగా ఉండడం వేరు, గాయపరచడం వేరు అని తెలుసుకోవడానికి ఆయనకు దాదాపు యాభై ఏళ్లు పట్టింది.

ఆ హెల్సింకీ తాతగారి యంత్రానికి నేటి ఫోనులో వేయవ వంతు శక్తి కూడ లేదు. కాని మీట నొక్కగానే, తెర మీద తాను సిద్ధమని తెలిపి, ఏమి చేయమంటావని అడిగినట్లు ఎదురుచూసేది. నేడు తాతలు మనుమల చేతికి ఇచ్చే ఫోను తెరవగానే వందలాది ఆటలను చూపిస్తుంది. ఆడుకోమంటుంది, ఆట కట్టుకోమని మాత్రం అడగదు. పిల్లవాడి ఒడుపు మారలేదు, తాత ఒడి మారలేదు. మారింది దుబాసీ మాట.