క్షతగాత్రుని పరిహారము

కారు ప్రమాదమున మరణించినవాని కుటుంబమునకు రావలసిన పరిహారమును లెక్కకట్టుటకు సుప్రీంకోర్టు 2009 లో సరళావర్మ కేసున ఒక పట్టిక నేర్పరచినది. వయస్సును సంపాదనయు తెలిసినచో మొత్తము చాలవరకు తేలును. బ్రతికి బయటపడినవాని గతి యట్లు కాదు. అతని దావాకు వైద్యవ్యయమే ఆధారము. ఆ వ్యయములో కాగితమున కెక్కినదే న్యాయాధిపతి కంటబడును. పట్నపు పెద్ద ఆసుపత్రి బిల్లు లిచ్చును, సరే. పుత్తూరు కట్టునకు తిరిగిన తిరుగుళ్లకు బిల్లేది? ఆరు మాసములు కూలి మాని పరిచర్య చేసిన భార్య యెవరి రశీదు తేగలదు?

పరిచారకుల వేతనమును సంవత్సరముల లెక్కన గుణించి యిప్పించిన తీర్పు లేకపోలేదు. 2020 లో ఒక బాలిక కేసున సుప్రీంకోర్టు అట్లు చేసినది. ఆ ప్రమాదము 2007 నాటిది!

భావి చికిత్స సంగతి యింకను కష్టము. దానికి ప్రత్యేకమైన వైద్యసాక్ష్యము కావలెనని 2010 లో సుప్రీంకోర్టు చెప్పినది. డాక్టర్లు సాక్ష్యమునకు రా వెనుకాడుదురనియు ఆ తీర్పే యొప్పుకొన్నది. తొడయెముకలో కడ్డీ వేయించుకొన్న తోపుడుబండివాడు, దానిని తీయించుట కెంత యగునో యెవరిచేత చెప్పించును?

ఈలోగా తాకట్టు నగలపై వడ్డీ పెరుగుచుండును. అట్టి తరి భీమా కంపెనీ లోక్ అదాలతులో కొంత మొత్తము చూపును, అప్పులవాడు తలయూపును. ఆ అవార్డుపై అప్పీలు లేదు. మరుసటి యేడు మరల శస్త్రచికిత్స వచ్చిపడిన, ఖర్చు వానిదే. దీనిని రాజీ యనుటకు మాకు నోరాడకున్నది.

క్షతగాత్రులకు నగదులేని చికిత్స నేర్పరచుమను చట్టపు సెక్షను 2022 ఏప్రిల్ 1 న అమలులోనికి వచ్చినను, సుప్రీంకోర్టు గద్దించిన పిమ్మటగాని ప్రభుత్వమునకు మెలకువ రాలేదు. 2025 మే లో పథకము వెలువడినది: లక్షన్నర రూపాయలవరకు, ఏడు దినములు. మేలే. విరిగిన తొడయెముక ఏడు దినములలో అతుకునా?

భావి చికిత్సకు కాగల వ్యయమును ఆసుపత్రులు డిశ్చార్జి నాడే వ్రాసి యీయవలెను. ఆ పత్రము చూడనిదే ఏ లోక్ అదాలతును గాయపు కేసులో రాజీని అంగీకరింపరాదు. ఇందులకు క్రొత్త చట్ట మక్కరలేదు. ఆరోగ్యశాఖవారి యుత్తరు వొకటి, హైకోర్టువారి సర్క్యులరొకటి చాలును.