పసుపుకు బోర్డు వచ్చింది, పాత బజారు మాటేమిటి?

ఆర్మూరు వెళ్ళిన ప్రతిసారీ పాత బజారులో ఒక ఇల్లు తగ్గి కనిపిస్తోంది. ఈసారి మా మేనమామ ఇంటి పక్కది పోయింది. డంగు సున్నపు గోడలు, టేకు దూలాలు, వీధివైపు అరుగు, లోపల పసుపు బస్తాలు పేర్చిన చీకటి అర్ర... రెండు రోజుల్లో జేసీబీ అంతా నేలమట్టం చేసింది. ఎందుకని అడిగితే ఒకటే జవాబు: "శిథిలావస్థ". నిజమే, పైకప్పు కారుతోంది. అందుకు పెంకులు మార్చాలా, ఇల్లే కూల్చాలా?

మన సిద్ధుల గుట్టకు భక్తులున్నారు. హైదరాబాదులో ఎర్రమంజిల్‌ను కూల్చాలని ప్రభుత్వం తలపెడితే జనం కోర్టుకెక్కారు, 2019లో హైకోర్టు ఆపింది. ఒకప్పుడు మన జిల్లాలోనే ఉన్న దోమకొండ కోటను సంస్థానం వారసులే బాగుచేయించారు, 2022లో యునెస్కో పురస్కారం వచ్చింది. మరి పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, అమ్మిన డబ్బుతో రైతూ సావుకారీ కట్టుకున్న ఇంటికి దిక్కెవరు? 2017 నాటి తెలంగాణ వారసత్వ చట్టం ఉంది కదా అంటారు. జాబితాకెక్కని ఇంటికి ఆ చట్టం ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

"ఎవరి ఆస్తి వారిష్టం" అనే వాదన నాకు తెలుసు. కాదనను. రోడ్డు పక్క గజం విలువ పెరిగినప్పుడు, ఒక్కడే నష్టపోయి ఊరి చరిత్రను మోయాలనడం అన్యాయం. కానీ అందుకు విరుగుడు కూల్చివేత కాదు.

అమెరికాలో ఉన్న మన పిల్లలు అక్కడి చిన్న ఊళ్ళలో ఎర్ర ఇటుకల పాత అంగళ్ళ ముందు ఫొటోలు దిగి పంపుతుంటారు. అవి వాటంతటవే నిలవలేదు. ఊరి బయట మాల్స్ వచ్చి నడిబజార్లు వెలవెలబోతుంటే, 1977లో గేల్స్‌బర్గ్, మాడిసన్, హాట్ స్ప్రింగ్స్ అనే మూడు ఊళ్ళలో పాత కట్టడాల మరమ్మతునూ వ్యాపారాన్నీ ముడిపెట్టి ఒక ప్రయత్నం మొదలుపెట్టారు. చారిత్రకమని గుర్తించిన వాణిజ్య భవనాన్ని నిబంధనల ప్రకారం బాగుచేయించిన యజమానికి, ఆ ఖర్చులో 20 శాతాన్ని అక్కడి కేంద్ర ప్రభుత్వం ఆదాయపు పన్నులో తగ్గిస్తుంది.

మనం అంత అడగడం లేదు. పాత బజారు ఇళ్ళకు ఒక జాబితా తయారుచేయండి. బాగుచేసుకునేవారికి ఇంటిపన్ను తగ్గించండి. కూల్చక తప్పదంటే, అనుమతి ఇచ్చేముందు ఫొటోలూ కొలతలూ తీసి భద్రపరచండి.

2025లో నిజామాబాదుకు జాతీయ పసుపు బోర్డు వచ్చింది. సంతోషమే! పసుపు ధర గురించి మాట్లాడే పెద్దలు, ఆ పసుపు కట్టిన ఊరి గురించి కూడా ఒక్క మాట మాట్లాడాలి. ధర బాగా వచ్చిన ఏడు రైతు మళ్ళీ ఇల్లు కట్టగలడు. డంగు సున్నం కలపడం తెలిసిన మేస్త్రీని ఎక్కడినుంచి తెస్తాడు?