బాలింతకు పథ్యమా, పస్తులా?

బాలింత పథ్యమనగానే మన ఇండ్లలో కనిపించేది పాత బియ్యపు అన్నము, వెల్లుల్లి కారము, ఒక చెంచా నెయ్యి. ఆకుకూర తింటే బిడ్డకు విరేచనాలనీ, పప్పు వాతమనీ, నీళ్ళు తాగితే పొట్ట పెరుగుననీ భయము. ఆత్మకూరులో వైద్యము మొదలుపెట్టిన తొలి రోజులలో నేనూ దీనికి తల ఊపినవాడినే.

అప్పట్లో ఒక తల్లి రెండు నెలల బిడ్డను తెచ్చింది. గొంతు బొంగురు, ఎగశ్వాస, పాలు పట్టదు. కఫమనుకొని కషాయమిచ్చాను. తెల్లవారేసరికి బిడ్డ సొమ్మసిల్లగా సూర్యాపేటకు పరుగెత్తారు. అక్కడి డాక్టరు తల్లి ఆహారము విచారించి, బి1 విటమిను సూది వేశారు. కొన్ని గంటలకే బిడ్డ తేరుకున్నది. ఆ తల్లికి పథ్యము చెప్పినవాడిని నేనే.

బి1 ఉండేది బియ్యపు తవుడులో. సాగర్ ఎడమ కాలువ నీటితో వరి పెరిగి, మిర్యాలగూడ మిల్లులు వెలసిన తరువాత జొన్న తగ్గి, మెరుగు పెట్టిన తెల్లని బియ్యమే మనకు ముఖ్యాహారమైనది. దానిని మూడు నీళ్ళు కడిగి, గంజి వార్చి, పక్కన పప్పు లేకుండా నెలల తరబడి పెడితే తల్లికే లేనిది పాలలోనికి ఎట్లు వచ్చును? దంపుడు బియ్యము గాని ఉప్పుడు బియ్యము గాని వండి, పెసరపప్పు చేర్చండి.

శాస్త్రము ఇట్లు చెప్పలేదు. చరకుడు శారీరస్థానములో సూతికకు పిప్పలి, శొంఠి మొదలగువానితో స్నేహపానము, పిదప యవాగువు విధించెను. అది మందగించిన జఠరాగ్నిని రగిల్చుటకు. ఆకలి పుంజుకొన్న కొద్దీ ఆహారము పెరగవలెను. పప్పు కూరలు మానమన్న మాట నేను చదువుకొన్న గ్రంథాలలో లేదు. మునగాకు, తోటకూర, నువ్వులు, ఉసిరిక నిస్సంకోచముగా పెట్టవచ్చును.

ఇక ఇనుము మాత్రలు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉన్నది. ప్రసవానంతరము 180 రోజులు వాడమని ప్రభుత్వమిచ్చే మాత్రలను 'వేడి' అని పారవేయించే అత్తగారలను ఎందరినో చూశాను. ఆయుర్వేద వైద్యుడనైనా చెబుతున్నాను, వాడండి. మలము నల్లబడితే భయపడవద్దు. టీతో మాత్రము మింగవద్దు. బి12 ఆకుకూరలలో లభించదు. పాలు, పెరుగు, తినేవారైతే గ్రుడ్డు కావలెను. అంగన్‌వాడీలో 2015 నుండి ఆరోగ్యలక్ష్మి భోజనము పెడుతున్నారు. 'మాకెందుకు' అనుకునే మధ్యతరగతి ఇండ్లలోనే బాలింతల పాదాల తిమ్మిర్లు నేను ఎక్కువగా చూస్తున్నాను!

పాలు తాగే బిడ్డకు గొంతు మారినా, ఎగశ్వాస వచ్చినా కషాయము కాస్తూ కూర్చోవద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. నా వద్దకు తరువాత రావచ్చును.