రోగి మతం అడగని డాక్టరు

వార్షికోత్సవం వచ్చిందంటే మన వేదిక మీద మతసామరస్యం గురించి ఎవరో ఒకరు తప్పకుండా మాట్లాడతారు. ఆ మాట కోసం నష్టపోయిన ఒక మనిషిని ఈసారి తలుచుకుందామని మాకనిపించింది. ఆయన డాక్టర్ ముక్తార్ అహ్మద్ అన్సారీ.

1880లో ఘాజీపూర్ జిల్లాలో పుట్టిన అన్సారీ మద్రాసు మెడికల్ కాలేజీలో చదివారు. ఎడిన్‌బరోలో పైచదువులు ముగించి ఢిల్లీలో వైద్యుడిగా స్థిరపడ్డారు. 1912లో బాల్కన్ యుద్ధంలో గాయపడిన టర్కీ సైనికుల కోసం వైద్య బృందాన్ని తీసుకెళ్లారు. ఖిలాఫత్ ఉద్యమంలోనూ ముందున్నారు. అంటే ఒకప్పుడు మతాన్నీ రాజకీయాన్నీ కలిపి నడిచినవారే. 1924లో టర్కీయే ఖలీఫా పదవిని రద్దు చేసింది. ఇక్కడ హిందూ ముస్లిం గొడవలు పెరిగాయి.

1909 చట్టం ముస్లింలకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇచ్చింది. అక్కడ ముస్లిం అభ్యర్థికి ముస్లింలే ఓటు వేయాలి. అలాంటి చోట మతం పేరు చెబితే చాలు, బడి గురించీ ఆసుపత్రి గురించీ చెప్పనక్కర్లేదు. 1927 మద్రాసు కాంగ్రెస్ అధ్యక్షుడైన అన్సారీ, మరుసటి ఏడు నెహ్రూ నివేదికలోని ఉమ్మడి నియోజకవర్గాలను సమర్థించారు. 1929లో జాతీయవాద ముస్లింలను ఒక పార్టీగా కూడగట్టారు. సొంతవాళ్లలో చాలామంది దూరమయ్యారు. 1931లో గాంధీజీ కోరినా రౌండ్ టేబుల్ సమావేశానికి ఆయన్ను పిలవలేదు. 1936లో కన్నుమూశారు.

మరి అంబేడ్కర్ గారు కూడా ప్రత్యేక నియోజకవర్గాలు అడిగారు కదా అని తమ్ముళ్లు అడగవచ్చు. అడగాలి కూడా. 1932 ఆగస్టులో వచ్చిన ఆ హక్కు సెప్టెంబరు 24న పూనా ఒప్పందంతో పోయింది. బదులుగా 148 రిజర్వుడు సీట్లు వచ్చాయి. ఆయన అడిగింది మతం పేరు మీద కాదు, అంటరానితనం పేరు మీద. ఊరి బావి దగ్గరకు రానివ్వని మనుషులకు చట్టసభలో చోటు కావాలన్నారు. మతాన్ని రాజకీయంలోకి తేవడం వేరు, అన్యాయాన్ని రాజకీయంలో నిలదీయడం వేరు. ఈ రెంటినీ ఒకే గాటన కట్టి 'కులం మాట ఎత్తకండి' అనేవాళ్లను మేము ఒప్పుకోం.

మన గదుల్లో సిలువ ఉంది, వెంకన్న పటం ఉంది, బుద్ధుడి బొమ్మా ఉంది. అవి మన ఇష్టం. కానీ రేపు ఓటు అడగడానికి వచ్చినవాళ్లను దేవుడి గురించి కాదు, మెస్ చార్జీల గురించీ స్కాలర్‌షిప్ గురించీ అడుగుదాం. ముందు మన మతంవాళ్లనే అడుగుదాం. అన్సారీ గారు చేసింది అదే.