దిగుచోటు – ఎక్కుచోటు

ప్రయాణమునకు బయలుదేరు చోటు, చేరు చోటు అని రెండు కొనలు గలవని లోకులు తలతురు. కాని యీ రెంటి నడుమ, ఒక బండి దిగి మఱియొక బండి యెక్కు చోటు మూడవది కలదు. బాటసారికి అలసట కలుగునది, ధనము వృథాయగునది, కాలము చేజారునది తఱచుగా నచ్చటనే. పూర్వము కాలినడకను పోవువారు మజిలీయందు సత్రమున్నదా, త్రాగునీరు దొరకునా యని విచారించి త్రోవను నిర్ణయించుకొనెడివారు. సత్రము కట్టించినవానిని పుణ్యాత్ముడని లోకము కొనియాడినది. నేడు ఆ సత్రపు స్థానమును బస్సు నిలయము, రైలు నిలయము పొందినవి. వీనిని కట్టుటలోను, నడుపుటలోను పూర్వపు ధర్మమే నిలువవలెను. ప్రయాణపు కూడలి బండ్ల కొఱకు గాక మనుష్యుల కొఱకు ఏర్పడవలెను.

ఈ విషయమును గ్రహించుటకు కామారెడ్డి చక్కని ఉదాహరణము. సికింద్రాబాదు నుండి నిజామాబాదు మీదుగా మన్మాడు పోవు రైలుమార్గము మీద నీ పట్టణమున్నది. శ్రీనగరము నుండి కన్యాకుమారి వరకు సాగు 44వ జాతీయ రహదారియు నిచ్చటనే తగులుచున్నది. 2016 అక్టోబరు 11వ తేదీన కామారెడ్డి జిల్లా కేంద్రమైనది. 2023లో వైద్య కళాశాలయు నెలకొన్నది. కావున చదువునకు, వైద్యమునకు, కచేరీ పనులకు జనులు నలుదిక్కుల నుండి ఇచ్చటికి వచ్చుచుందురు. ఆ జిల్లాలోనిదే యెల్లారెడ్డి. మంజీరానదిపై 1931లో పూర్తియైన నిజాంసాగరు జలాశయమునకు చేరువనున్న ఆ పట్టణమునకు రైలు లేదు. అచ్చటివారు లింగంపేట మీదుగా సుమారు 40 కిలోమీటర్లు బస్సులో వచ్చి, కామారెడ్డిలో రైలెక్కవలెను.

ఎల్లారెడ్డి ప్రాంతపు పల్లె నుండి యొక విద్యార్థి హైదరాబాదులో పరీక్ష వ్రాయుటకై తెల్లవాఱకమునుపే బయలుదేరినాడనుకొందురు గాక. పల్లెవెలుగు బస్సు సరిగా దాని వేళకే కామారెడ్డి చేరినది. రైలును దాని వేళకే కదలినది. కాని బస్సు చేరుటకు అయిదు నిమిషములకు ముందే రైలు వెడలిపోయినది. బస్సు ఆలసింపలేదు, రైలు తొందరపడలేదు. అయినను బాలునికి పరీక్ష తప్పినది. తప్పెవరిది? బస్సువారిది కాదు, రైలువారిదియు కాదు. ఎవరిదియు కాని తప్పును దిద్దువాడును ఉండడు. కూడలుల సమస్యకు మూలమిచ్చటనే యున్నది.

ఈ చిక్కు సహజమైనది కాదు. 1932లో నిజాము రాజ్యమున ప్రభుత్వపు బస్సులు తొలిసారిగా తిరిగినప్పుడు, వానిని నడిపినది రైల్వే సంస్థయే. నిజాం రాష్ట్ర రైల్వేకు అనుబంధముగా రోడ్డు రవాణా శాఖ యేర్పడి, 27 బస్సులతో పని ప్రారంభించినది. రైలును, బస్సును ఒకే యింటి బిడ్డలు. స్వాతంత్ర్యానంతరము రైల్వేలు కేంద్ర ప్రభుత్వమునకు చేరినవి. బస్సులు రాష్ట్రము వంతుకు వచ్చినవి. 1958 జనవరి 11వ తేదీన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ యేర్పడినది. రాష్ట్ర విభజన పిమ్మట తెలంగాణకు వేఱు సంస్థ కలిగినది. ఈ విభాగములు పరిపాలనకు అవసరమై యుండవచ్చును. కాని అన్నదమ్ములు వేఱుపడినను పొలము గట్టును కలిసి కాచుకొనక తప్పదు. నిలయపు లోపలిభాగము బస్సు సంస్థది, పట్టాల ప్రక్కభూమి రైల్వేది, వీధి పురపాలక సంఘముది, వాహనముల రాకపోకలు పోలీసులవి. ఎవరి హద్దును వారు కాచుకొందురు. హద్దులన్నియు దాటవలసినవాడు మాత్రము ప్రయాణికుడే.

ఇది తీఱని చిక్కు కాదని స్విట్జర్లండు దేశము చూపినది. అది చిన్న దేశము, కొండల దేశము. 1982 నుండి అచ్చట రైళ్లను గంట గంటకును ఒకే నిమిషమునకు వచ్చునట్లు దేశమంతటను నడుపుచున్నారు. ముఖ్య కూడలులలో వేర్వేఱు దిక్కుల రైళ్లు ఇంచుమించుగా నొకే సమయమున కలియును. కొండపల్లెలకు పోవు పసుపుపచ్చని పోస్టు బస్సులు రైలు వచ్చు వేళకు నిలయము వెలుపల సిద్ధముగా నుండును. రైలు దిగినవాడు నాలుగడుగులు నడచి బస్సెక్కును. అచ్చటివారు వేగముకంటె పొందికను మిన్నగా నెంచిరి. ఈ పొందికకు కావలసినది పాలరాతి భవనము కాదు. రెండు కార్యాలయములవారు ఒక బల్లయొద్ద కూర్చుండి వేళలను సరిచూచుకొనుట.

భవనము అక్కఱలేదని దీని భావము కాదు. కాని కట్టుటకు ముందే ఆలోచన నడువవలెను. విజయవాడలో 1990లో ప్రారంభమైన పండిత నెహ్రూ బస్సు నిలయమున దూరప్రయాణపు బస్సులకును, నగరపు బస్సులకును ఒకే ప్రాంగణమున చోటు కల్పించిరి. హైదరాబాదులో మూసీనది నడుమ నిర్మించిన మహాత్మాగాంధీ బస్సు నిలయము 1994లో ప్రారంభమైనది. మెట్రో రైలు దాని చెంతకు 2018లో వచ్చినది. సికింద్రాబాదులోని జూబిలీ బస్సు నిలయముతో దానిని కలుపు మార్గము 2020లో తెఱవబడినది. నగరము పెరిగిన పిమ్మట కలుపుట కష్టము. కామారెడ్డి, ఎల్లారెడ్డి వంటి పట్టణములు ఇంకను పెరుగుచున్నవి. నేడు కొంత భూమి విడిచి, కాలిబాట నేర్పరచినచో రేపు కట్టడములను కూల్చు పని యుండదు.

కొందఱు నిలయమును ఊరి వెలుపలికి మార్చిన బస్సులకు ఇరుకు తీఱునందురు. బస్సులకు తీఱవచ్చును. కాని మూట నెత్తిన బెట్టుకొని వచ్చు పల్లెవాడు ఊరిలోనికి ఆటో కిరాయి ఇచ్చుకొనవలెను. బండికి మిగిలిన పది నిమిషములు పేదవాని సంచి నుండి తీసినవే యగును. మఱికొందఱు బస్సు సంస్థకు నష్టములున్నవి గనుక నిలయమున అంగళ్లు కట్టి అద్దెకిచ్చుట మేలందురు. ఈ మాటలో నిజము లేకపోలేదు. ప్రయాణికునికి టీయు, పండ్లును, వార్తాపత్రికయు కావలసినవే. కాని మొదట కూర్చుండు బల్ల, నడచు బాట, నీడ, పిమ్మటనే అంగడి. అద్దె కొఱకు బాటను మూసినచో సత్రము సంతయగును.

కట్టుట యొక నాటి పని, నడుపుట ప్రతిదినపు పని. కొళాయిలో నీరు రావలెను. మరుగుదొడ్లు శుభ్రముగా నుండవలెను. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారము నుండి యెప్పుడు పోవునో చదువరానివానికిని తెలియునట్లు చాటవలెను. రైలు వేళలు బస్సు నిలయమునను, బస్సు వేళలు రైలు నిలయమునను వ్రాసి యుంచవలెను. ఆటోలకు వరుసయు, నిర్ణీతమైన చోటును ఉండవలెను. వారిని తరిమివేయుట పరిష్కారము కాదు, చివరి మైలు నడిపించువారు వారే. 2023 డిసెంబరు 9వ తేదీ నుండి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులయందు స్త్రీలకు ఉచిత ప్రయాణము కల్పింపబడినది. టిక్కెట్టు లేనంత మాత్రమున ప్రయాణము సుఖము కాదు. రాత్రివేళ దీపము, బాలింతకు చాటైన గది కూడ కావలెను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము బస్సు నిలయములలోను, రైలు నిలయములలోను వారికి తగిన సౌకర్యములుండవలెనని శాసించినది. మెట్ల ప్రక్కన వాలుబాట నిర్మించుట దయ కాదు, విధి.

ఇన్నిటికిని ఒక నాథుడు కావలెను. ప్రతి జిల్లా కేంద్రమునను కలెక్టరు అధ్యక్షతన బస్సు సంస్థ, రైల్వే, పురపాలక సంఘము, పోలీసు శాఖలవారును, ఆటోవారును, ప్రయాణికుల ప్రతినిధులును చేరి, రైలు వేళలు మాఱినప్పుడెల్ల బస్సు వేళలను సవరించుకొనుట న్యాయము. ఇందులకు కావలసిన ధనము స్వల్పము. కావలసిన మనస్సు గొప్పది.

విద్యార్థులకును ఇందు పాలు కలదు. వరుసలో నిలుచుట, బల్లను పాడుచేయకుండుట, వృద్ధులకు చోటిచ్చుట, బోర్డు చదువలేనివానికి చదివి చెప్పుట నేటి పనులు. చదువు ముగించి వారిలో కొందఱు ఇంజనీర్లగుదురు, కొందఱు అధికారులగుదురు. నాడు వారు కూడలి పటము గీయుటకు కూర్చున్నప్పుడు మొదటి గీతను బస్సు చక్రము తిరుగు చోట గాక, ఎల్లారెడ్డి బస్సు దిగి రైలు కొఱకు పరుగెత్తు బాలుని పాదములున్న చోట గీయవలెను.